పరాయి కథలో పుట్టే తోడు

ఉస్ట్ నాథా నేల అడుగున ఉన్న డ్రౌ జాతి నగరం. మారువేషంలో అక్కడ అడుగుపెట్టిన కథానాయకుడికి, ఆ నగరాన్నేలే మాట్రన్ మదర్ కూతురు ఫేర్ ఒక పని పురమాయిస్తుంది: సోలాఫేన్ అనే యోధుణ్ణి చంపి, రుజువు పట్టుకు రావాలి. తీరా వెళ్లి చూస్తే అతను తన జాతి క్రౌర్యానికి విసిగి వేసారిన మనిషి. ప్రాణాలతో వదిలేస్తే ఒంటిమీది పివాఫ్వి అనే పైవస్త్రం తీసి చేతికిస్తాడు. దాన్ని చూపిస్తే అతను చచ్చాడని ఫేర్ నమ్ముతుంది. 2000లో బయోవేర్ సంస్థ తెచ్చిన ‘బాల్డర్స్ గేట్ 2’ గేమ్‌లో ఈ ఘట్టం నిడివి కొంచెమే. ఆడినవాళ్ల మనసులో మాత్రం గట్టిగా నాటుకుపోయింది. ఇలాంటివాడు మన వెంట వస్తే ఎంత బాగుండునని చాలామందికి అనిపించింది. ఆటలో ఆ వీలు లేదు.

ఆ వీలు కల్పించినవాడు వెస్ వైమర్. తర్వాతి కాలంలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ అయ్యాడు. సోలాఫేన్ జట్టులో చేరేలా, దారిపొడవునా మాట్లాడేలా, ఇష్టమైతే ప్రేమలో కూడా పడేలా సంభాషణలు రాసి, కోడ్ రాసి, ఉచితంగా పంచిపెట్టాడు. ఇలా ఒక గేమ్‌కు అభిమానులు చేసే చేర్పుని మోడ్ అంటారు, చేసేవాళ్లు మోడర్లు. కొత్త ఆయుధాలు, కొత్త ఊళ్లు, అందమైన చెట్లు చేర్చే మోడ్‌లు వేలకొద్దీ ఉన్నాయి. వాటన్నిటిలోకీ కష్టమైనదీ, సాహిత్యానికి దగ్గరగా ఉండేదీ సహచర పాత్రను సృష్టించే మోడ్. కత్తికి పదునుంటే చాలు. మనిషికి మాట కావాలి, జ్ఞాపకం కావాలి, కోపం రావాలి.

తెలుగువాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. వ్యాస భారతంలో శశిరేఖ లేదు. జనం నోట, నాటకాల్లో ఆమె కథ అల్లుకుని, 1957లో ‘మాయాబజార్’ సినిమాగా ఇంటింటికీ చేరింది. ఆమె లేని అభిమన్యుడి కథను ఊహించడం ఇప్పుడు చాలామందికి కష్టం. మంచి సహచర మోడ్ సాధించేది అదే. ఆ పాత్ర మొదటినుంచీ కథలోనే ఉందేమో అనిపిస్తుంది. అలా అనిపించాలంటే మోడర్ ముందుగా చేయాల్సింది అసలు కథలో ఖాళీ ఎక్కడుందో కనిపెట్టడం.

బాల్డర్స్ గేట్ 2లో ఒక ఖాళీ అందరికీ కనబడేదే. పురుష పాత్రతో ఆడేవారికి జెహైరా, వికోనియా, ఏరీ అని ముగ్గురు ప్రేయసులు. స్త్రీ పాత్రతో ఆడేవారికి దక్కింది అనోమెన్ ఒక్కడు. సోలాఫేన్ తర్వాత కెల్సీ వంటి కొత్త సహచరులు వరసకట్టడానికి ఈ అసమానత ఒక ముఖ్య కారణం. 1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్‌ది ఇంకో తరహా ఖాళీ. చేర్చుకోవడానికి 25 మంది సహచరులున్నా, చేరాక వాళ్లు పెద్దగా మాట్లాడరు. ‘బాల్డర్స్ గేట్ ఎన్‌పీసీ ప్రాజెక్ట్’ అనే మోడ్ కోసం ఎందరో రచయితలు కూడి, ఉన్న పాత్రలకే పిచ్చాపాటీ, తగవులు, ప్రేమలు రాశారు. కొత్త మనిషిని తేకుండానే, ఉలుకూ పలుకూ లేనివాళ్లకు నోరిచ్చారు.

ఈ సంప్రదాయం నిలబడడానికి ఆధారం ఒక పనిముట్టు. బాల్డర్స్ గేట్‌లో వినబడే, కనబడే ప్రతి వాక్యానికీ ఒక అంకె ఉంటుంది. అన్నీ కలిపి ‘డైలాగ్ డాట్ టీఎల్‌కే’ అనే ఒకే ఫైల్లో ఉంటాయి. తొలినాళ్లలో మోడర్లు ఆ ఫైల్ మొత్తాన్నీ తమ ప్రతితో మార్చేసేవారు. రెండు మోడ్‌లు పెడితే రెండోది మొదటిదాన్ని తుడిచేసేది. వైమర్ తయారుచేసిన ‘వైడూ’ ఈ చిక్కు విప్పింది. అది పాతవాటిని కదపకుండా కొత్త వాక్యాలను చివర చేరుస్తుంది, ఉన్న సంభాషణల మధ్యలో కొత్త కొమ్మను అంటుకడుతుంది, వద్దనుకుంటే అన్నీ యథాస్థితికి తెస్తుంది. దాంతో ఒకరి ముఖం ఒకరు చూడని రచయితల పాత్రలు ఒకే జట్టులో కలిసి నడవడం మొదలైంది. అనువాదాలకు వేరే ఫైల్ ఉండే ఏర్పాటు వల్ల ఒకే మోడ్ ఎన్నో భాషల్లోకి వెళ్లగలిగింది.

ఇక రాత. బాల్డర్స్ గేట్ 2లో ఒక సహచరుడికి మామూలుగా నాలుగు సంభాషణ ఫైళ్లు రాయాలి. మొదటిసారి ఎదురైనప్పటి మాటలకు ఒకటి. జట్టులో చేరాక కథానాయకుడితో మాట్లాడేవి రెండోది. జట్టులోంచి పంపేసినప్పుడు, మళ్లీ పిలిచినప్పుడు అనేవి మూడోది. తోటి సహచరులతో కబుర్లకు, అంటే బ్యాంటర్లకు నాలుగోది. ఈ విభజన రచయితకు మంచి పాఠం చెబుతుంది. పరిచయంలో మర్యాద, చేరాక చనువు, పొమ్మన్నప్పుడు పడే నొప్పి, మూడింటి గొంతూ ఒకే మనిషిదిగా వినబడాలి. పంపేసేటప్పటి రెండు మూడు వాక్యాల్లోనే రచయిత పనితనం తెలిసిపోతుంది. అలిగి వెళ్తాడా, ఎక్కడ వేచి ఉంటాడో చెప్పి వెళ్తాడా, మారు మాట్లాడకుండా వెళ్తాడా అన్నదాన్ని బట్టి మనిషి తేలతాడు.

ఒక బ్యాంటర్ ఎలా మొదలవుతుందో దగ్గరగా చూద్దాం. కొత్త పాత్ర జెహైరాను ఆమె భర్త ఖాలిద్ గురించి అడగాలనుకుందాం. ఆట మొదట్లోనే, ప్రతినాయకుడు ఐరెనికస్ చెరలో, ఖాలిద్ శవమై కనిపిస్తాడు. ఆ సంభాషణ మొదలయ్యే ముందు కోడ్ కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. జెహైరా జట్టులో ఉందా? పక్కనే ఉందా? స్పృహలో ఉందా, లేక ఏ మంత్రానికో కట్టుబడి, రాయిగా మారి ఉందా? చుట్టూ యుద్ధం జరుగుతోందా? ఈ మాట ఇంతకుముందే వచ్చిందా? ఒక్క షరతు మరిచిపోతే, గోబ్లిన్లు గొడ్డళ్లతో మీద పడుతుండగా ఈయనగారు పరామర్శకు దిగుతాడు. ఎన్నాళ్లో కూర్చుని రాసిన సున్నితమైన సన్నివేశం అంతటితో పాడవుతుంది. ఏం మాట్లాడాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు నోరు మూసుకోవాలన్నదీ అంతే ముఖ్యం. ఇక్కడ మౌనాన్ని కూడా కోడ్‌లో రాయాల్సిందే.

ఇంతకన్నా కష్టమైంది అసలు కథలోని ఘట్టాల మధ్య మాట కలపడం. స్పెల్‌హోల్డ్ అనే బందిఖానాలో, జట్టు సహచరుడైన యోషిమో ద్రోహం బయటపడుతుంది. అతను శాపబద్ధుడై చేసిన పని అది. ఇక్కడ కొత్త సహచరుడు గుడ్లప్పగించి నిలబడితే, అతను బొమ్మేనని ఆటగాడికి తెలిసిపోతుంది. అలాగని గంటసేపు ఉపన్యసిస్తే పానకంలో పుడక. ఒక్క వాక్యం చాలు, అయితే అది ఆ మనిషే అనగలిగిన వాక్యం కావాలి. న్యాయానికి కట్టుబడిన కెల్డార్న్, డ్రౌ జాతి వికోనియా ఒకే జట్టులో ఉంటే కత్తులు దూసుకునేదాకా వెళ్తుంది. వాళ్ల మధ్యకు వచ్చే కొత్తవాడు ఎటు నిలబడతాడు? దీనికి జవాబు లేని పాత్రకు ఆ జట్టులో ఇంకా చోటు దొరకనట్టే.

బలం విషయంలోనూ నిగ్రహం కావాలి. సొంత పాత్ర మీది మమకారంతో అందరికన్నా గొప్ప ఖడ్గం, ఎవరికీ లేని శక్తులు కట్టబెట్టాలనిపిస్తుంది. అప్పుడు ఆట చప్పబడుతుంది, మిగతా అయిదుగురూ అలంకారమైపోతారు. లోపం ఉన్నవాణ్ణే ఆటగాడు కాపాడుకుంటాడు, కాపాడుకున్నవాణ్ణే గుర్తుపెట్టుకుంటాడు.

అసలు కథనే నిలదీసే సహచరుడు కావాలంటే 2002 నాటి ‘మారోవిండ్’ వైపు చూడాలి. ఆ గేమ్‌లో సంభాషణలు ఎక్కువగా చదువుకునేవే, వినేవి తక్కువ. కాబట్టి మోడర్ రాసిన మాటకూ కంపెనీ రాసిన మాటకూ తెర మీద తేడా ఉండదు. కటేరి అనే మారుపేరుతో ఒక మోడర్ సృష్టించిన జులాన్ ఆష్‌ల్యాండర్ తెగవాడు. భవిష్యవాణి చెప్పిన నెరెవరీన్‌వి నువ్వేనని వాళ్లమ్మ చిన్నప్పటినుంచీ నూరిపోసింది. ఆటగాడికి మాత్రం కథ సాగేకొద్దీ తెలిసేది, ఆ నెరెవరీన్ తానేనని. పక్కన నడిచే స్నేహితుడి బతుకంతా ఏ నమ్మకం మీద నిలబడిందో, దాన్ని మన గెలుపే కూల్చేస్తుంది. కీర్తి దక్కిన ప్రతిసారీ జులాన్ ముఖం చూడాల్సి వస్తుంది. అసలు గేమ్‌లో ఈ బరువు లేదు. అయినా ఎక్కడా అతుకు కనబడదు, ఎందుకంటే నెరెవరీన్ కావాలని ప్రయత్నించి విఫలమైనవారు అసలు కథలోనూ ఉన్నారు. కటేరి పట్టుకున్న ఖాళీ అది.

2011 నవంబరులో ‘స్కైరిమ్’ వచ్చాక పరిస్థితి మారింది. అక్కడ ప్రతి మాటా గొంతుతో పలకాలి. వైట్‌రన్ నగరాన్నేలే జార్ల్ ఇచ్చే లిడియా వంటి అనుచరులు ఒకే గొంతు రకానికి రాసిన ఉమ్మడి వాక్యాలే వల్లిస్తారు. ఒకేసారి ఒక్కరినే వెంట తీసుకెళ్లాలి. 2012 ఫిబ్రవరిలో బెథెస్డా సంస్థ క్రియేషన్ కిట్ విడుదల చేయగానే మోడర్లు మైక్రోఫోన్లు ముందు పెట్టుకున్నారు. వాళ్లలో స్మార్ట్‌బ్లూక్యాట్ సృష్టించి, తానే గొంతిచ్చిన ఇనిగో అనే నీలిరంగు ఖాజీట్‌కు, అంటే పిల్లిని పోలిన జాతివాడికి, 7,000కు పైగా వాక్యాలున్నాయి. ఇనిగో దొరికేది రిఫ్టెన్ జైల్లో. ఒకప్పటి తోటివాడైన కథానాయకుణ్ణి తానే పొట్టనబెట్టుకున్నానన్న పశ్చాత్తాపంతో కోరి జైలుపాలయ్యాడు. స్కైరిమ్ మొదలయ్యేది బండిలో బందీగా, గతమేమిటో చెప్పని కథానాయకుడితో. ఇనిగో ఆ చెప్పని గతంలోంచి నడిచొచ్చాడు. సీసాలో పెట్టుకుని మోసే మిస్టర్ డ్రాగన్‌ఫ్లై అనే తూనీగను మిత్రుడిలా చూసుకుంటాడు. పోరాటానికి ఆ తూనీగ ఎందుకూ పనికిరాదు. ఇనిగో ఎలాంటివాడో చెప్పడానికి మాత్రం అదొక్కటి చాలు.

అదే గేమ్‌లో లూసియన్ సిరోడీల్ నుంచి వచ్చిన పండితుడు. మొదట్లో పిరికి, కలిసి తిరిగేకొద్దీ ధైర్యం వస్తుంది. ఇనిగో, లూసియన్ ఇద్దరినీ వెంటేసుకెళ్తే వాళ్లు ఒకరితో ఒకరు ముచ్చటించుకుంటారు. వేర్వేరు సృష్టికర్తలు కూడబలుక్కుని చేసిన సంభాషణలవి.

ఇప్పుడు కృత్రిమ మేధ ఈ రంగంలోకి వచ్చింది. 2023 నుంచి స్కైరిమ్ పాత్రలను భాషా నమూనాలతో ముడిపెట్టే మోడ్‌లు వస్తున్నాయి. ఏం అడిగినా అప్పటికప్పుడు జవాబు చెబుతాయి. అదే ఏడాది తమ గొంతులను అనుమతి లేకుండా అనుకరించి మోడ్‌లలో వాడుతున్నారని నటులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం న్యాయమైనది. గొంతు నటుడి జీవనాధారం, అడగకుండా తీసుకోవడం అభిమానం కాదు. రాత సంగతి వేరే. దేని గురించైనా మాట్లాడగల పాత్ర వినోదాన్నిస్తుంది. జులాన్ బాధ మాత్రం అలా పుట్టలేదు. ఒక మనిషి అసలు కథను ఎన్నోసార్లు చదివి, ఇక్కడ ఒక స్నేహితుడు ఉండి ఉంటే ఏమయ్యేదని తనను తాను అడిగి, ఆ జవాబుకు కట్టుబడి వేల వాక్యాలు రాస్తే పుట్టింది.

అందుకే ఈ కృషికి రచనగా గుర్తింపు దక్కాలి. బాల్డర్స్ గేట్ 2 రచయితల్లో ఒకడైన డేవిడ్ గైడర్ తానే ‘అసెన్షన్’ అనే మోడ్ చేసి, ముగింపు యుద్ధాన్ని తిరగరాసి, అక్కడ శత్రువైన బాల్తజార్ మన పక్షాన నిలిచే దారి తెరిచాడు. ఆట రాసినవాడికి కూడా మోడ్ చిన్నతనంగా అనిపించలేదు. 2012, 2013లలో బీమ్‌డాగ్ సంస్థ బాల్డర్స్ గేట్ గేమ్‌లను మెరుగుపరిచి మళ్లీ తెచ్చినప్పుడు పాత మోడ్‌లు పనిచేయడానికి మరమ్మతులు అవసరమయ్యాయి. రాసినవారు ఎప్పుడో తప్పుకున్న మోడ్‌లను కూడా వేరే చేతులు అందుకుని సరిచేశాయి, ఇప్పటికీ సరిచేస్తున్నాయి, పైసా తీసుకోకుండా.

2024 సెప్టెంబరులో లేరియన్ సంస్థ ‘బాల్డర్స్ గేట్ 3’కి అధికారికంగా మోడ్ పనిముట్లు ఇచ్చింది. అయితే అక్కడి సంభాషణలు నటుల కదలికలతో సహా చిత్రీకరించినవి. ఒంటరి రచయిత ఆ స్థాయి అందుకోవడం చాలా కష్టం. కొత్తగా ప్రయత్నించాలనుకునేవారికి పాత ఆటలే నయం. ముందు కొత్త పాత్ర జోలికి పోకుండా, బాల్డర్స్ గేట్ 2లో ఇప్పటికే ఉన్న ఇద్దరు సహచరులను ఎంచుకుని, వాళ్ల మధ్య ఆరు వాక్యాల బ్యాంటర్ ఒకటి రాసి, వైడూతో ఆటలోకి ఎక్కించి చూడొచ్చు. అది సరైన చోట, సరైన వేళ వినబడి, రాసింది ఎవరో పోల్చుకోలేకపోతే, రెండోది మొదలుపెట్టొచ్చు.