చావి తిప్పినా కదలని బండి

మృగశిర కార్తె వచ్చిందంటే మా మూడు జిల్లాల్లో ట్రాక్టర్ కిరాయికి దొరకడం కష్టం. గద్వాల వైపు విత్తన పత్తి పొలాలు దున్నాలి, వనపర్తి దగ్గర కాల్వల కింద దమ్ము చేయాలి, నాగర్‌కర్నూల్ చెల్కలను మక్కకూ పత్తికీ తయారు చేయాలి. సరిగ్గా అప్పుడే ఎలక్ట్రిషియన్ షాపుల ముందు బండ్లు వరుస కడతాయి. అందరి నోటా ఒకటే మాట: "సెల్ఫ్ పడ్తలేదన్నా." ఏప్రిల్, మే నెలల్లో కదలకుండా నిలబడ్డ బండికి ఈ తిప్పలు మామూలే. ఎండకు బ్యాటరీలో నీళ్లు తగ్గుతాయి. వాడకపోయినా చార్జి దానంతటదే దిగిపోతుంది, వేడి ఎక్కువైన కొద్దీ ఇంకా తొందరగా దిగుతుంది.

అయితే సెల్ఫ్ పడకపోవడానికి బ్యాటరీ ఒక్కటే కారణం కాదు. ఆ సంగతి తేల్చుకోకుండానే మనవాళ్లు నేరుగా బ్యాటరీ కొట్టుకు పోతారు. వేల రూపాయలు పెట్టి కొత్తది బిగిస్తారు. కొత్తదానికి ఊపు ఎక్కువ కాబట్టి నాలుగు రోజులు బండి పడుతుంది. అసలు లోపం అట్లనే ఉంటుంది గనుక నెల తిరగకముందే మళ్లీ అదే మొర. విత్తనం, ఎరువు కొనాల్సిన రోజుల్లో రైతు చేతిలోంచి ఆ డబ్బు ఊరికే పోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

వనపర్తిలో నేను తరచూ పోయి కూర్చునే షాపు ఒకటుంది. దాన్ని నడిపే పెద్దాయన పానా ముట్టుకునే ముందు వింటాడు. మొన్న ఒక కుర్రాడు వచ్చి, "బ్యాటరీ పోయింది కాకా, కొత్తది ఎయ్" అన్నాడు. "ఆగు బిడ్డా, జర లైట్లు ఏసి చావి తిప్పు" అన్నాడాయన.

ఆ ఒక్క పరీక్షలోనే సగం సంగతి తేలుతుంది. చావి తిప్పగానే లైట్లు పూర్తిగా మసకబారి, కింద టకటకమని వరుసగా చప్పుడైతే బ్యాటరీలో బలం లేదు, లేదా దాని టర్మినళ్లో, ఎర్తో సరిగా పట్టుకోవడం లేదు. లైట్లు వెలుగుతూనే ఉండి ఒక్కసారి టక్కుమని ఆగిపోతే, సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే సోలెనాయిడ్ కదిలింది గానీ లోపలి రాగి బిళ్ల అరిగి కరెంటు దాటడం లేదు, లేదా మోటారులో కార్బన్లు అరిగిపోయాయి. ఏ చప్పుడూ లేకపోతే తప్పు ఇంకా ముందే ఉంది. ఫ్యూజు, చావి స్విచ్చి, సన్న వైరు, క్లచ్చి దగ్గరి సేఫ్టీ స్విచ్చి, వీటిలో ఎక్కడో దారి తెగింది. మోటారు గిర్రున తిరిగి ఇంజిన్ మాత్రం కదలకపోతే కరెంటుకు దోషం లేదు, పళ్ల చక్రం అందుకోవడం లేదు.

ఆ కుర్రాడి బండి లైట్లు మసకబారాయి. మీటరు పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, అంటే నిండుగా ఉంది. చావి తిప్పి పట్టుకున్నప్పుడు కూడా బ్యాటరీ కొమ్ముల మీద 11కు పైనే నిలిచింది. అది 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ మీద అనుమానం పెట్టుకోవాలి. ఇక్కడ పడలేదు. ఆయన మీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగటివ్ కొమ్ము మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద పెట్టి మళ్లీ చావి తిప్పించాడు. అర వోల్టు లోపు ఉండాల్సిన చోట మూడు వోల్టులు కనబడ్డాయి. దొంగ దొరికాడు, బ్యాటరీని బండి ఇనుముకు కలిపే ఎర్తు.

ఈ లెక్క ప్రతి ట్రాక్టర్ యజమానికీ తెలియాలని నా కోరిక. డీజిల్ ఇంజిన్‌ను తిప్పాలంటే సెల్ఫ్ మోటారు వందల యాంపియర్లు లాగుతుంది. తుప్పు పట్టిన బోల్టు దగ్గర ఓమ్‌లో వందో వంతు అడ్డం పడినా, 200 యాంపియర్ల దగ్గర రెండు వోల్టులు అక్కడే కాలిపోతాయి. లైటుకు కావాల్సింది నాలుగైదు యాంపియర్లే కాబట్టి మామూలప్పుడు అది బాగానే వెలుగుతుంది. జూరాల తూము దగ్గర నీళ్లు నిండుగా కనిపిస్తున్నా, మధ్యలో పూడిక ఉంటే చివరి మడికి అందవు కదా, ఇదీ అంతే. తూము దగ్గర కొలిచి చివరి మడి సంగతి చెప్పలేం. అందుకే సెల్ఫ్ కరెంటు గుంజుతున్నప్పుడే, తీగ పొడవునా కొలవాలి.

ఆ బండికి ఆరు నెలల కింద ఇంజిన్ పని చేయించి రంగు వేయించారట. ఎర్తు తీగను ఆ రంగు మీదే బిగించేశారు. పెద్దాయన ముందు నెగటివ్ టర్మినల్ విప్పాడు. ముందు పాజిటివ్ విప్పితే, పానా బండి ఇనుముకు తగిలినప్పుడు నిప్పులు లేస్తాయి. చార్జయ్యే బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, ఒక్క రవ్వ చాలు పేలడానికి. తర్వాత ఎర్తు బోల్టు ఊడదీసి, ఛాసిస్ మీద రూపాయి బిళ్లంత మేర ఇనుము తళతళలాడే దాకా గీకాడు. టర్మినళ్లకు పట్టిన తెల్లటి, పచ్చటి బూజును వేడినీళ్లతో కడిగి, లోపలి అంచులకు గరుకు కాగితం పట్టి, గట్టిగా బిగించాక పైన వ్యాజిలిన్ రాశాడు. చావి తిప్పితే బండి ఒక్క ఊపులో అందుకుంది.

ఈ వరుస ట్రాక్టర్లకే కాదు. డల్లాస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు ఇంటి వెనక గడ్డి కోయడానికి, మీద కూర్చుని నడిపే బండి కొన్నాడు. చలికాలమంతా షెడ్డులో ఉంచి, వసంతంలో బయటికి తీస్తే ఉలుకూ పలుకూ లేదు. వీడియోలో చూస్తూ చెప్పాను: "బ్రేకు పూర్తిగా తొక్కు. కోత బ్లేడు ఆపే ఉందా చూడు. తర్వాత ఫ్యూజు." ఆ బండ్లలో బ్రేకు తొక్కకపోయినా, బ్లేడు ఆన్‌లో ఉన్నా సెల్ఫ్ పడకుండా స్విచ్చిలు పెడతారు. తిరిగే బ్లేడు పక్కనే మనిషి కాళ్లుంటాయి కాబట్టి ఆ జాగ్రత్త. వాడి బండిలో బ్రేకు పెడల్ కింద స్విచ్చి కనెక్టరు ఊడి వేలాడుతోంది. పెట్టగానే పలికింది. ఆ కనెక్టరు రెండు తీగలూ కలిపేసి స్విచ్చి తీసేయమని వాడికి పక్కింటాయన చెప్పాడట. వద్దంటే వద్దన్నాను.

ఎందుకంటే మన దగ్గర అదే జరుగుతోంది. క్లచ్చి స్విచ్చి చెడితే దాన్ని పీకేసి తీగలు కలిపేస్తారు. ఇంకొందరు చావి పనిచేయకపోతే కిందికి వంగి, సెల్ఫ్ మోటారు రెండు బోల్టుల మీద స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి షార్ట్ చేస్తారు. షాపులో పని నేర్చినవాడు, గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, పరీక్ష కోసం చేసేది వేరు. పొలంలో అలవాటుగా చేసేది వేరు. అట్లా షార్ట్ చేస్తే కరెంటు సేఫ్టీ స్విచ్చిని దాటేసి పోతుంది. బండి గేరులో ఉంటే ఇంజిన్ అందుకున్న మరుక్షణమే ముందుకు దూకుతుంది. చేతితో లాగి ఆపే పాత డీజిల్ బండ్లు చావితో పని లేకుండానే నడుస్తాయి. అప్పుడు ఆ మనిషి ఉన్నది ముందు చక్రానికీ వెనక పెద్ద చక్రానికీ మధ్యన. తప్పుకునే వ్యవధి ఉండదు. ప్రాణాలు తీసిన పద్ధతి ఇది.

సెల్ఫ్ మోటారు పుట్టిందే మనిషి ఒళ్లు కాపాడటానికి. అంతకుముందు హ్యాండిల్ తిప్పి ఇంజిన్ లేపేవారు, అది ఎదురు తన్ని మణికట్లు విరిగేవి. చార్లెస్ కెటరింగ్ కరెంటు సెల్ఫ్ తయారు చేస్తే 1912 క్యాడిలాక్ కార్లతో అది జనంలోకి వచ్చింది. నూరేళ్లు దాటినా, సీట్లో కూర్చునే బండి లేపే వీలుండీ మనం చక్రం ముందు వంగుతున్నాం.

మన పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలకు ఏటా మే నెలలో నాలుగు ఊళ్లు తిరిగి ట్రాక్టర్ల టర్మినళ్లు, ఎర్తు, సేఫ్టీ స్విచ్చి చూసిపెట్టే పని అప్పగిస్తే ఎంత బాగుంటుంది! పిల్లలకు చేతిపని వస్తుంది, రైతుకు అదును తప్పదు. కాలేజీల పెద్దలు ఆలోచించాలి. అంతదాకా బండి ఉన్న ప్రతివారికీ నా మనవి: నాలుగైదు వందలు పెడితే మల్టీమీటరు వస్తుంది, కొని టూల్ బాక్సులో పెట్టుకోండి. బ్యాటరీకి బోరు నీళ్లు పోయకండి, డిస్టిల్డ్ వాటరే పోయండి. మీ బండికి క్లచ్చి స్విచ్చి తీగలు కలిపేసి ఉంటే, ఈ సీజను దున్నకం మొదలుపెట్టే ముందే కొత్త స్విచ్చి వేయించండి.