మాక్బెత్ నాటకమున దాంపత్యము

రాజ్యకాంక్ష దాంపత్యమును చెరచుట మన సాహిత్యమునకు క్రొత్త విషయము కాదు. కైక తన కుమారునకు రాజ్యము కోరెను. దశరథుడు కాదనలేక, ఔననలేక కృశించి, అగ్నిసాక్షిగా పట్టిన ఆమె చేతిని విడిచితినని పలికెను. అచ్చట భార్యాభర్తల కోరికలు వేరు; కావున విరోధము సహజము. షేక్స్పియరు రచించిన 'మాక్బెత్'లో ఇద్దరి కోరికయు ఒక్కటే. అయినను ఆ దాంపత్యము నిలువలేదు. ఏకాభిప్రాయము గల ఆలుమగలు ఏల విడివడిరన్నదే ఇచ్చట విచారింపదగిన ప్రశ్న.

నాయ్‌గావ్ ప్రాంతమున మరాఠీ ఎరిగిన తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. వి. వా. శిర్వాడ్కర్ 1954లో దీనిని 'రాజముకుట్' అను పేర మరాఠీ చేసిరి. ఆ పేరు కిరీటమును ముందుంచుచున్నది. కిరీటము చేరిన పిమ్మట ఆ యిల్లు ఏమైనదో మనము చూతము.

సుమారు 1606లో వెలసిన ఈ నాటకమునకు హాలిన్‌షెడ్ వ్రాసిన స్కాట్లండు చరిత్ర ఆధారము. ఆ చరిత్రలో డంకన్ రాజును చంపుటకు బాంక్వో మొదలగు మిత్రులు మాక్బెత్‌కు తోడ్పడిరి. షేక్స్పియరు ఆ మిత్రులను తొలగించి, భార్యనొక్కతెను తోడుగా మిగిల్చెను. అతిథియై వచ్చిన రాజును దంపతులు కడతేర్చు వృత్తాంతమును అదే గ్రంథమందలి డఫ్ రాజు కథనుండి గ్రహించెను. ఇట్లు రాజకీయపు కుట్ర గడప లోపలి రహస్యమైనది.

మొదటి అంకమున మాక్బెత్ మంత్రగత్తెల జోస్యమును భార్యకు లేఖలో తెలుపును. రానున్న వైభవమున ఆమెకు సమభాగము కలదని అతని తలంపు. హత్యకు అతడు వెనుదీయగా, ఆమె అతని ప్రేమనే శంకించి, పౌరుషమును ప్రశ్నించును. రాజ్యకాంక్ష ప్రేమకు శత్రువుగా రాలేదు. ప్రేమ నోటనే పలికినది.

మూడవ అంకమున ఈ పొందిక మారును. బాంక్వోను చంపింప నిశ్చయించి, మాక్బెత్ ఆ సంగతి భార్యకు చెప్పడు. పని ముగిసిన పిదప మెచ్చుకొమ్మని లాలనగా పలుకును. ఆమె మనసు నొవ్వకుండుటకే దాచినట్లు తోచును గాని, ఆమె భాగస్వామ్యము అంతటితో ముగిసినది. విందులో బాంక్వో ప్రేతము అతనికి మాత్రమే కనబడును. ఆమె అతిథులకు సర్దిచెప్పును. అతడు చూచుచున్నది ఆమెకు కనబడదు. ఆ రంగము తరువాత వారిరువురు ఒకచోట మరల కనబడరు.

అయిదవ అంకమున ఆమె నిద్రలో నడచుచు, లేని నెత్తుటి మరకను కడుగుకొనుచు, దగ్గర లేని భర్తను శయ్యకు పిలుచును. వినువారు వైద్యుడును పరిచారికయు మాత్రమే. ఆమె మరణవార్త వినునాటికి అతనికి దుఃఖించుటకైనను తీరిక లేదు.

భర్తను పురికొల్పినదని లేడీ మాక్బెత్‌ను మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఆమె లేకుండ చేసిన హత్యలే అతనిని ఆమెకు దూరము చేసినవి. తొలి పాపమును వారు లోకమునకు చెప్పుకొనజాలరు. ఒకరి మొగము ఒకరికి ఆ రాత్రినే గుర్తుచేయును గనుక, తమలో తాము చెప్పుకొని ఊరటపొందనుజాలరు. మన పెద్దలు భార్యను సహధర్మచారిణి యనిరి. ఆ మాటలోని సాహచర్యము ఈ దంపతులకు నిండుగా ఉండెను, ధర్మమే లోపించెను. అది లోపించిన పిదప సాహచర్యమును నిలువలేదు.