ఖాళీ సీటు, ఇద్దరు మంత్రులు

అల్లూరి సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపింది కొయ్యూరులో. ఆయన వెంట నడిచిన గాం మల్లుదొర జైలుశిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా లోక్‌సభకు గెలిచాడు. మొదటి సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. రెండోది మాకే చాలా ఆలస్యంగా తెలిసింది. ఏ పార్టీ దయా లేకుండా ఒక ఆదివాసీ పార్లమెంటు మెట్లెక్కిన కథ ఎందుకో ఎవరి నోటా వినబడదు.

కొయ్యూరు మండలం ఒకప్పుడు చింతపల్లి నియోజకవర్గంలో ఉండేది, 2009 ఎన్నికల నుంచి పాడేరులో ఉంది. రెండూ ఎస్టీ రిజర్వుడే. ఆంధ్రప్రదేశ్ 175 స్థానాల్లో ఆదివాసులవి ఏడు. మాకు ఒక్కటీ లేదు. మైనారిటీలకు చట్టసభల్లో సీట్లు కేటాయించాలన్న ఏర్పాటును రాజ్యాంగ సభ 1949 మేలోనే తీసేసింది. 2007లో వచ్చిన నాలుగు శాతం చదువులకూ ఉద్యోగాలకూ వర్తించింది తప్ప అసెంబ్లీ గడప దాటలేదు. అందుకే మా సభల్లో ఎవరో ఒకరు లేచి "వాళ్లకైనా సీట్లున్నాయి" అంటుంటారు. అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ మాటనే ఇప్పుడు ప్రశ్నించుకోవాలి.

పాడేరు పక్కదే అరకు నియోజకవర్గం. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునూ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ మావోయిస్టులు కాల్చి చంపారు. సీటు ఖాళీ అయింది. శాసనసభ గడువు ఏడాదిలోపే మిగిలితే ఉప ఎన్నిక పెట్టనక్కర్లేదంటుంది చట్టం. పెట్టలేదు. అరకు ఓటరు ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఎన్నిక రాలేదు గానీ మంత్రి పదవి వచ్చింది. 2014 జూన్ నుంచి నాలుగేళ్లు దాటినా చంద్రబాబునాయుడు మంత్రివర్గంలో ముస్లిం లేడు, ఆదివాసీ లేడు. ఎన్నికలు దగ్గర పడ్డాక, 2018 నవంబరు 11న ఇద్దరినీ ఒకేరోజు తీసుకున్నారు. ఒకరు శాసనమండలి సభ్యుడు ఎన్.ఎం.డి. ఫరూఖ్. రెండోవారు చనిపోయిన ఎమ్మెల్యే కొడుకు కిడారి శ్రావణ్ కుమార్. ఒకే వేదిక మీద రెండు ఖాళీలు పూడ్చేశారు.

మేం సంబరపడ్డాం, దాచుకోవడం ఎందుకు! మా వాడు మంత్రి అయ్యాడని ఒకరికొకరం ముబారక్ చెప్పుకున్నాం. పక్కనే ప్రమాణం చేసిన కుర్రాడి గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆరు నెలల్లో సభ్యుడు కాకపోతే పదవి పోతుంది. ఉప ఎన్నిక లేదని తెలుసు. మండలి దారి మాత్రం తెరిచే ఉంది. 2019 మార్చిలో ఎమ్మెల్యేల కోటా మండలి స్థానాలు నింపారు, వాటిలో ఆయన పేరు లేదు. ఏప్రిల్ 11న పోలింగు జరిగింది. ఫలితాలు మే 23న. గడువు అంతకన్నా ముందే ముగిసింది, మే నెలలో రాజీనామా చేశారు. ఓట్ల పెట్టె తెరవకముందే మంత్రిగిరీ అయిపోయింది. తర్వాత లెక్కిస్తే అరకులో ఓడిపోయారు కూడా.

సీటు రిజర్వుడే. అయినా అందులో ఎవరు నిలబడాలో, ఎప్పుడు మంత్రి కావాలో, ఎన్నాళ్లుండాలో కొండమీద తేలలేదు. మాకు సీటు లేకపోయినా జరిగేది అదే. అయితే ఆదివాసీకీ మాకూ ఒకటే గతి అని చేతులు కలిపేసుకుంటే అదీ అబద్ధమే. ఏజెన్సీ సంతల్లో సరుకు కొనే గిరిజనేతరుల్లో మా వాళ్లూ ఉన్నారు. అక్కడ తక్కెడ మా చేతిలో ఉంటుంది. 1/70 చట్టం గిరిజనేతరుడికి భూమి దక్కనివ్వదని సణిగే గొంతుల్లో మా గొంతూ వినబడుతుంది. వాళ్ల సీటు చూసి ఈర్ష్యపడే ముందు ఆ సణుగుడు మానుకోవాలి. మాకు సీట్లు కావాలని అడగడం వేరు, ఉన్నవాళ్లను చూసి కుళ్లుకోవడం వేరు.

2024లో మళ్లీ కొత్త మంత్రివర్గం వచ్చింది. ఫరూఖ్ ఈసారి నంద్యాలలో ప్రజల ఓట్లతో గెలిచి మంత్రి అయ్యారు. సాలూరు నుంచి గుమ్మిడి సంధ్యారాణి గెలిచి మంత్రి అయ్యారు. గెలిచి వచ్చారు గనుక ఇది 2018 లాంటిది కాదు, ఆ తేడా చిన్నదేం కాదు. శాఖల జాబితా పేపర్లో వచ్చిన రోజు మేం ముందే పందెం వేసుకున్నాం. ఎవరమూ ఓడిపోలేదు. మిగతా శాఖలతో పాటు ఆయనకు మైనారిటీ సంక్షేమం, ఆమెకు గిరిజన సంక్షేమం.