గట్టు నేర్పని వంపు

వరి రైతుకు మార్టేరు అంటే ఎంటీయూ వంగడాలు. స్వర్ణ అని అందరూ పిలుచుకునే 7029 అక్కడి పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. పరుగు పందేల సంగతి తెలిసినవాళ్లకు మాత్రం అది సత్తి గీత ఊరు. ఆమె 2004 ఏథెన్స్, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన మహిళల 4×400 మీటర్ల రిలే జట్టు సభ్యురాలు. 2006లో దోహా ఆసియా క్రీడల్లో పింకీ ప్రమాణిక్, చిత్రా సోమన్, మన్‌జీత్ కౌర్‌లతో కలిసి బంగారు పతకం గెలిచింది. 

మార్టేరులో బస్సెక్కితే తణుకు గంట ప్రయాణం కూడా కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే రిలేలో రెండో లెగ్ పరిగెత్తిన దండి జ్యోతికశ్రీది తణుకు. ఇరవై ఏళ్ల తేడాతో, ఒకే జిల్లా నుంచి, ఒకే పోటీకి ఇద్దరు వెళ్లారు. దీన్ని కాకతాళీయం అని కొట్టిపారేయలేను.

నాలుగు వందల మీటర్లు స్ప్రింటే. కానీ మొదటి అడుగు నుంచి చివరిదాకా పూర్తి వేగంతో పరిగెత్తగల మనిషి ఇంకా పుట్టలేదు. మొదటి ఆరేడు సెకన్లకు కండరంలో సిద్ధంగా ఉన్న శక్తి సరిపోతుంది. ఆ తర్వాత ఆక్సిజన్ చాలినంత అందకపోయినా చక్కెరను విడగొట్టి శక్తి లాగాల్సిందే. మూడు వందలు దాటేసరికి కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది. మోకాళ్లు లేవవు, మెడ బిగుసుకుంటుంది, భుజాలు చెవులదాకా ఎక్కేస్తాయి. "భుజాలు దించమ్మా!" అని కోచ్ గ్రౌండు అవతలి నుంచి అరిచేది అక్కడే. చివరి వందలో ఒకమ్మాయి దూసుకొచ్చినట్టు టీవీలో కనిపిస్తుంది కానీ నిజానికి ఆమె వేగం పెరగదు. మిగతావాళ్ల వేగం పడిపోయినంతగా ఆమెది పడిపోదు, అంతే. ఆ కాస్త తేడా కోసమే ఏళ్ల తరబడి సాధన. మూడు వందల మీటర్లు దాదాపు పూర్తి వేగంతో పరిగెత్తి, కాసేపు ఆగి, మళ్లీ మూడు వందలు. ఆ తర్వాత పక్కకెళ్లి వాంతి చేసుకోవడం ఈ పరుగువాళ్లకు మామూలే.

ఆ సాధన ఇక్కడ ఎలా సాగుతుందో చూద్దామని వానాకాలంలో కొల్లేరు సరస్సు చుట్టుపక్కల కాలేజీ గ్రౌండుకు వెళ్తే నల్లమట్టి చెప్పుల్ని లాగేసుకుంటుంది. సున్నంతో గీసిన లేన్లు ఒక్క వానకే పోతాయి. పరుగు కాలవ గట్టు మీదికి మారుతుంది. గట్టు ఊపిరి పెంచుతుంది, కాళ్లకు బలమిస్తుంది. వంపులో పరిగెత్తడం మాత్రం నేర్పదు. నాలుగు వందల మీటర్ల ట్రాకులో రెండు వంపులు కలిపితే దాదాపు 231 మీటర్లు, అంటే సగానికి పైనే. ఎడమవైపు ఒళ్లు కాస్త వాల్చి, కుడి చెయ్యి కొంచెం ఎక్కువ ఊపుతూ, లేన్ లోపలి గీతను అంటిపెట్టుకుని పరిగెత్తాలి. దీన్ని ట్రాకు మీదే నేర్చుకోవాలి. ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో మన పిల్లలు మొదటి వంపులోనే లేన్ బయటి గీతవైపు జారిపోవడం చూస్తే, ఎవరు ఎక్కడ తయారయ్యారో చెప్పేయవచ్చు.

రిలేలో దీనికి తోడు బ్యాటన్ మార్పిడి ఉంటుంది. 4×100లో అందుకునేవాళ్లు వెనక్కి చూడకుండా చెయ్యి చాస్తారు. 4×400లో అది కుదరదు. వచ్చే మనిషి అప్పటికే అలసిపోయి ఉంటుంది, ఎంత వేగంతో వస్తుందో ముందే చెప్పలేం. అందుకని అందుకునే అమ్మాయి తల తిప్పి, వస్తున్నామె కాళ్లలో ఎంత మిగిలుందో చూసి, దాన్నిబట్టి కదులుతుంది. మార్పిడి ఇరవై మీటర్ల జోన్‌లోనే పూర్తవ్వాలి. మొదటి లెగ్ అంతా ఎవరి లేన్ వాళ్లది. రెండో లెగ్‌లో ఒక వంపు దాటాక అందరూ లోపలి లేన్‌కు చొచ్చుకొస్తారు. మోచేతులు తగిలేది, స్పైక్స్ గీరుకునేది అక్కడే. పారిస్‌లో జ్యోతికశ్రీకి అప్పజెప్పింది ఆ లెగ్‌నే.

ఈ రిలే మనకు పతకాలు తెచ్చే సంప్రదాయంగా ఎదిగింది ఎక్కువగా కేరళ అమ్మాయిలతో. 1984 లాస్ ఏంజెలెస్‌లో వల్సమ్మ, వందనా రావు, షైనీ అబ్రహాం, పి.టి. ఉష ఫైనల్ చేరి ఏడో స్థానంలో నిలిచారు. 2002 నుంచి 2018 దాకా ఆసియా క్రీడల బంగారం ప్రతిసారీ మనదే. మధ్యలో 2011లో కొందరు స్టెరాయిడ్లు వాడి నిషేధానికి గురయ్యారు. ఆ మచ్చ చిన్నదేమీ కాదు. అయినా రిలే చేసిన మేలు ఒకటుంది. వ్యక్తిగత పోటీలో ఉష లాంటి ఒక్కరికే పేరొస్తుంది. రిలేకి నలుగురు కావాలి, గాయాలకూ అలసటకూ చూసుకుంటే ఆరుగురు కావాలి. దేశంలో ఐదో స్థానంలో ఉన్న అమ్మాయికి కూడా క్యాంపులో మంచం, ఒలింపిక్స్‌కు టికెట్ దొరికే అవకాశం ఉంటుంది. మార్టేరుకూ తణుకుకూ తలుపు తెరుచుకుంది అలాగే.

2024 మేలో నస్సావులో రూపల్ చౌదరి, పూవమ్మ, జ్యోతికశ్రీ, శుభా వెంకటేశన్ 3:29.35లో ముగించి పారిస్‌కు అర్హత తెచ్చారు. పారిస్‌లో వచ్చిన సమయం 3:32.51. నలభై ఏళ్ల కిందట ఉష జట్టు ఫైనల్లో పరిగెత్తింది 3:32.49లో. 2004లో మన జట్టు ఏథెన్స్ హీట్స్‌లో నెలకొల్పిన జాతీయ రికార్డు 3:26.89 పారిస్‌లో చెక్కుచెదరలేదు. పారిస్ సమయానికీ దానికీ మధ్య ఐదున్నర సెకన్లకు పైగా తేడా ఉంది. నలుగురికీ పంచితే ఒక్కొక్కరికి సెకనున్నర లోపే. ఆ వేగంలో అది సుమారు పది మీటర్ల దూరం, దాదాపు సగం మార్పిడి జోన్.