పోచ పోచలో పిట్ట ఆనవాలు

నా రాతబల్ల పక్కన గోడమేకుకు ఒక గిజిగాడి గూడు వేలాడుతోంది. రెండేళ్ల కిందట కార్తీకంలో, పిల్లలు ఎగిరిపోయిన చాన్నాళ్లకు, చెరువు గట్టు మీది ఈతచెట్టు కింద రాలి కనబడితే తెచ్చుకున్నాను. బాగా ఎండి గోధుమరంగుకు తిరిగింది. పొడవు మూర దాటి నాలుగు వేళ్లు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. కానీ రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ లాగి చూశాను, ఒక్క పోచ కూడా ఊడి రాలేదు. గాలికి తెగింది గూడు కాదు, అది పట్టుకుని వేలాడిన ఆకు. ఆ ఈతాకు ముక్క ఇప్పటికీ గూటి మెడలో ఇరుక్కునే ఉంది.

పొద్దున్నే నడకకు వెళ్లే దారిలో నేను గిజిగాడిని పోల్చుకోవడం నేర్చుకున్నది పిట్టను చూసి కాదు, దాని పనితనాన్ని చూసి. పిట్టల్ని గుర్తుపట్టాలంటే ఎవరైనా ముందు రంగు చూడమంటారు. గిజిగాడి విషయంలో ఏడాదిలో చాలా నెలలు రంగు ఏమీ చెప్పదు. వానలు పడేవేళకు మగపిట్ట నెత్తికి, రొమ్ముకు పచ్చటి పసుపు వస్తుంది. చెంపలు, గొంతు ముదురు గోధుమరంగై ముసుగు వేసినట్టుంటాయి. ముక్కు నల్లబడుతుంది. అప్పుడు చూస్తే చిన్నపిల్లలైనా మరచిపోరు. రుతువు దాటాక ఆ పసుపంతా పోతుంది. మగా ఆడా పిల్లలూ అందరూ మట్టిరంగు చారలతో ఆడ ఊరపిచ్చుకల్లా తయారవుతారు. కోతలయ్యాక వరి కొయ్యకాళ్ల మీద వాలే గుంపుల్ని మూడు శీతాకాలాలు నేను పిచ్చుకలనే రాసుకున్నాను. ముక్కు మరికాస్త లావు, తోక కురచ అన్న తేడాలు ఆ తర్వాత పట్టుబడ్డాయి. అవి కూడా గూడు చూపించిన చెట్టు దగ్గరే రోజూ నిలబడటం వల్ల పట్టుబడ్డాయి. గూడు అబద్ధం చెప్పదు. అది వేలాడిన చెట్టు కింద నిలబడితే పిట్టే వచ్చి తన పేరు చెబుతుంది.

గూటిని పైనుంచి కిందికి చదవాలి, కట్టింది ఆ వరసలోనే కాబట్టి. మొదట ఆకు కొసకు పట్టు. ఇక్కడ పోచను ఈనె చుట్టూ తిప్పి, తిప్పిన మెలిక కిందినుంచే కొసను దూర్చి బిగించింది. మనం గేదె పలుపును గుంజకు కట్టేటప్పుడు వేసే మొదటి మెలిక అదే. అలాంటివి ఒకటి కాదు, పదులకొద్దీ, ఒకదాని మీద ఒకటి. కొన్ని కుడిచుట్టు, కొన్ని ఎడమచుట్టు. ఒకదాన్ని విప్పుదామని సూదిమొనతో ప్రయత్నిస్తే దాని కొస మరో మూడు మెలికల కింద దాక్కుని ఉంది. గూడు, పిట్ట, పిల్లల బరువూ, వానకు తడిసిన గడ్డి బరువూ అన్నీ ఈ బొటనవేలంత మెడ మీదే పడతాయి. అందుకే మొత్తం గూటిలో అన్నిటికన్నా దట్టంగా నేసింది ఇక్కడే.

మెడ కింద వలయం. పూర్తయిన గూటిలో అది పైకి కనబడదు. వేళ్లతో తడిమితే లోపల గట్టిగా గాజులా తగులుతుంది. మగపిట్ట ముందుగా పోచలతో నిలువుగా ఒక ఉంగరం కట్టుకుని, దాని అడుగు భాగాన కాళ్లు పెట్టి నిలబడి, మిగతా పనంతా అక్కడినుంచే చేస్తుంది. ఆఫ్రికాలో ఉండే దీని బంధువు మీద ఏళ్ల తరబడి పనిచేసిన నికొలస్, ఎల్సీ కొలియాస్ దంపతులు ఒక అందమైన సంగతి గమనించారు. ఆ పిట్ట వలయంలో ఎప్పుడూ ఒకే దిక్కుకు ముఖం పెట్టి నిలబడుతుంది. ముందుకు వంగి ముక్కు అందినంత మేర నేస్తే గుడ్ల గది వస్తుంది, వెనక్కి వాలి నేస్తే గుమ్మం వస్తుంది. అంటే దాని కొలబద్ద దాని ఒళ్లే. సాలెవారికి మూర, జాన ఉన్నట్టు దానికి మెడ చాపు. నా గూటి గదిని చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది. ఎటు చూసినా గోడ వలయం నుంచి ఒకే దూరంలో గుండ్రంగా తిరిగి ఉంది.

నేత అంటున్నాను గానీ మగ్గం మీది నేత కాదిది. ఇక్కడ పడుగంటూ విడిగా లేదు. నిన్న వేసిన పేకే ఇవాళ్టి పేకకు పడుగు. పిట్ట పోచ ఒక కొసను కాలికింద నొక్కిపెట్టి, రెండో కొసను ముక్కుతో పట్టుకుని సందులోకి దూరుస్తుంది. దూర్చేటప్పుడు ముక్కును సన్నగా వణికిస్తూ, సందు దొరికేదాకా పొడుస్తుంది. అవతలికి వచ్చిన కొసను అందుకుని లాగి, దిక్కు మార్చి మళ్లీ వెనక్కి దూరుస్తుంది. ఈ దిక్కు మార్చడంలోనే ఉంది అసలు పనితనం. ఒకే వైపు దూరుస్తూ పోతే అది కుప్పే తప్ప బట్ట కాదు. పోచ వెనక్కి తిరిగి తన దారినే కోసుకుంటూ రావడం వల్ల ముడి వేయకుండానే బిగుసుకుంటుంది. ఉట్టి అల్లేవాళ్లను, నులకమంచం బిగించేవాళ్లను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తేడా అల్లా రెండు చేతుల పని ఒక్క ముక్కు చేస్తోంది.

ఈ విద్య గుడ్డులోంచే వచ్చిందా, నేర్చుకున్నదా? రెండూ అని చెప్పాలి. కొలియాస్ దంపతులు ఆఫ్రికా పిట్టల్ని చిన్నప్పటి నుంచి పచ్చి ఆకులు దొరక్కుండా పెంచి చూశారు. పెద్దయ్యాక ఆకులిస్తే అవి నేయడానికి తంటాలు పడ్డాయి. పోచ చీల్చడమూ దూర్చడమూ అభ్యాసం మీదనే కుదిరాయి. నేయాలన్న తహతహ పుట్టుకతో వచ్చినా చేతివాటం మాత్రం పనిలోనే పట్టుబడుతుందన్నమాట. మా చెరువు గట్టు మీది చెట్టుకు కూడా ప్రతి ఏడూ కొన్ని వదులు వలయాలు కనబడతాయి. పోచలు చెదిరి, కొసలు బయటికి పొడుచుకుని, ఒక గాలివానకే సడలిపోతాయి. వాటి పక్కనే నేర్పరి గూళ్లు నున్నగా, ఒక్క కొస బయటికి రాకుండా ఉంటాయి. కింద నిలబడే ఎవరి పని ఏదో చెప్పవచ్చు.

గూడు సగానికి వచ్చేసరికి బోర్లించిన టోపీలా ఉంటుంది. లోపల అడ్డంగా ఒక దండెం, రెండు వైపులా ఖాళీ. అక్కడిదాకా సుమారు 8 రోజుల పని. అక్కడ మగపిట్ట ఆగిపోతుంది. ఆడపిట్టలు వచ్చే వేళకు దాని కిందికి వేలాడుతూ, రెక్కలు అల్లల్లాడిస్తూ, చెట్టంతా దద్దరిల్లేలా అరుస్తుంది. ఆడపిట్ట వచ్చి దండెం మీద కూర్చుని లోపలంతా చూస్తుంది. నచ్చకపోతే వెళ్లిపోతుంది. నచ్చితేనే మిగతా పని. అప్పుడు మగపిట్ట ఒక వైపు గుడ్ల గది మూస్తుంది, రెండో వైపు కిందికి పొడవాటి గొట్టంలా దారి నేస్తుంది. మొత్తం 18 రోజుల దాకా పడుతుంది. ఒక్కో పోచ 20 నుంచి 60 సెంటీమీటర్లుంటుంది. గూడు పూర్తయ్యేసరికి 500 సార్లదాకా తెచ్చుకోవాలి. ఇంతా చేస్తే ఆ పిట్ట పొడవు 15 సెంటీమీటర్లు.

ఇంత పనితనాన్ని ఆడపిట్ట మెచ్చుకునే పెళ్లికి ఒప్పుకుంటుందని నేను మొదట్లో అనుకున్నాను. పరిశోధకులు చూసినదాంట్లో నేత కన్నా చోటు ముఖ్యమని తేలింది. కొమ్మ ఎత్తుగా ఉందా, సన్నగా ఉందా అన్నదే దాని మొదటి లెక్క. పామూ పిల్లీ పాకి రాలేని చోటైతేనే ఎంత మంచి నేతకైనా విలువ. ఈ సంగతి తెలిసి గూటి మీద నా గౌరవం తగ్గలేదు. మంచి చోటు ఎన్నుకోవడం కూడా మేస్త్రీ పనిలో భాగమే కదా. ఆ చోటు ఎన్నికలోనూ ఒక ఆనవాలుంది. గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపు వేలాడతాయి. నైరుతి గాలివాన ఎటునుంచి కొడుతుందో వాటికి తెలుసు. కొత్త ఊళ్లో నడుస్తూ ముళ్లతుమ్మకో తాటికో గూళ్ల గుత్తి కనబడితే, అవి ఏ వైపున ఉన్నాయో ఒకసారి చూడండి.

సగం గూటి లోపలి గోడలకు తడి మట్టి ముద్దలు అంటించి ఉంటాయి. నా గూటిలో గోరంత ముద్దలు మూడు మిగిలాయి. రాత్రి వెలుగు కోసం ఆ మట్టిలో మిణుగురుల్ని గుచ్చి పెడుతుందని మా నాయనమ్మ చెప్పేది. ఆ మాట మన దగ్గరే కాదు, దేశమంతా ఉంది. మిణుగురులు ఎవరికీ దొరకలేదు గానీ మట్టి మాత్రం నిజం. గాలికి గూడు మరీ ఊగిపోకుండా బరువు కోసమని ఒక ఊహ ఉంది.

మగపిట్ట సంసారం ఒక గూటితో ఆగదు. ఒక ఆడపిట్ట గుడ్లు పెట్టి పొదగడం మొదలుపెట్టగానే అది మరో కొమ్మకు మరో వలయం కడుతుంది. దీన్ని జాగ్రత్తగా చూసి రాసినవారు పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ. 1930 వానాకాలంలో బొంబాయి అవతల కిహిం అనే సముద్రతీరపు ఊళ్లో, దగ్గర్లోని గిజిగాళ్ల చెట్టునే రోజుల తరబడి గమనించి, 1931లో ఆ వివరమంతా అచ్చువేశారు. ఆ వెంటనే 1931-32లో నిజాం సంస్థానంలో పక్షుల సర్వేకు ఆయనే వచ్చారు. పుస్తకాల్లో అంతకుముందు చెప్పుకున్న కథల్ని పక్కనపెట్టి, ఒక్క చెట్టు కింద కూర్చోవడంతోనే ఆయన ఇంత తెలుసుకున్నారన్నది నాకు బాగా నచ్చే సంగతి. దానికి దుర్భిణీ కూడా అంత అవసరం లేదు.

పనితనాన్ని బట్టి పోల్చడం అలవాటైతే ఇంటిచుట్టూ ఇంకా చాలా పేర్లు తెలుస్తాయి. పెరట్లో వెడల్పాటి ఆకు అంచులు రెండూ దగ్గరకు వచ్చి దొన్నెలా ఉంటే అది ఆకుకుట్టే పిట్టది. అంచు వెంబడి ముక్కుతో బెజ్జాలు పొడిచి, దూదీ సాలెగూటి దారాలూ దూర్చి కుడుతుంది. కొసను ముడివేయదు, బయట చెదరగొట్టి వదిలేస్తుంది. అదే దారం వెనక్కి జారకుండా ఆపుతుంది. వరండా తీగకు బూజూ చెత్తా వేలాడుతున్నట్టుంటే దులపకండి, ముందు పక్కనుంచి చూడండి. గుమ్మం కనబడితే అది తేనెపిట్ట సంచి. చెరువులో జమ్ము దుబ్బుల మధ్య నాలుగైదు కాడలకు కలిపి నేసిన గూడు ఉంటే అది గిజిగాడిది కాకపోవచ్చు. రొమ్ము మీద నల్లటి చారలుండే దాని దాయాది పిట్టది కావచ్చు. ఆ పిట్ట గూటికి గొట్టం పొట్టిగా ఉంటుంది.

మా చెరువు గట్టు మీద ఈతచెట్లు గీసే గౌడన్న ఒకాయన ఉన్నాడు. చెట్టెక్కినప్పుడల్లా గూళ్లు ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంటాయి. ఎప్పుడైనా ఒక గూడు దగ్గరగా చూపిస్తావా అని అడిగాను. "పిల్లలున్నయి సారూ, ఆ మట్ట జోలికి పోను" అన్నాడు. "పచ్చగ ఉన్నదంటె ఇంక కడ్తున్నదన్నట్టు. ఎర్రగయి, కింద గొట్టం కూడ ఎండిందంటె లోపల పిల్లలు పెద్దగయినయి. అప్పుడు పొద్దున వచ్చి నిలవడు, నోర్లు వినవడ్తయి." గూటి రంగును బట్టి పిల్లల వయసు చెప్పడం ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. కానీ లెక్క సరిపోతుంది. గొట్టం నేసిన పచ్చి పోచ ఎండలో గోధుమరంగుకు వచ్చేవేళకు గుడ్లు పొదిగే 14 నుంచి 17 రోజులు గడిచిపోతాయి. మరో 17 రోజులకు పిల్లలు ఎగురుతాయి. ఆయన మాట పట్టుకుని మరుసటి ఆషాఢంలో ప్రతి గూటికీ రంగు రాసుకున్నాను. మెడ ఎండి గొట్టం పచ్చగా ఉన్నవి, సగం సగం ఉన్నవి, పూర్తిగా ఎండినవి. ఒక చెట్టు మీదే మొత్తం రుతువంతా ఒకేసారి కనబడింది.

గూటినుంచి వెనక్కి చదువుతూ పోతే చివరికి పోచ దగ్గరికి వస్తాం. పోచ ఎక్కడినుంచి వచ్చింది? వరి ఆకు, చెరకు ఆకు, ఈతాకు, పొడవైన రెల్లు. పిట్ట ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ కొసను గట్టిగా పట్టుకుని ఎగురుతుంది. ఆకు దాని ఈనెల వెంబడి సన్నగా, తిన్నగా చీలి వస్తుంది. కత్తి పెట్టి చీల్చినా అంత సమంగా రాదు. ఆ ఆకు మీద ఒక పక్క దారమంత మేర పోయి, మొదట్లో చిన్న గాటు మిగులుతుంది. గొంగళిపురుగు తింటే అంచు గుండ్రంగా, వంకరగా ఉంటుంది. మేక తింటే కొస ఉండదు. ఇదొక్కటే గీత గీసినట్టుంటుంది.

కిందటి జ్యేష్ఠంలో, ఇంకా ఒక్క గూడూ మొదలుకాని రోజున, చెరువు తూము దగ్గర పెరిగిన రెల్లులో ఆ గీత కనబడింది. ఒక ఆకుకు, దాని పక్క ఆకుకు, ఆ వెనక ఇంకో రెండింటికి. కోసిన చోటు ఇంకా తడిగానే ఉంది. తలెత్తి చూస్తే ఒక పసుపుపచ్చ పిట్ట, తన ఒంటికి మూడింతలున్న పచ్చని పోచను గాలిలో తోకలా ఈడ్చుకుంటూ ఈతచెట్టు వైపు వెళ్తోంది.