పాత బండి, కొత్త హెల్మెట్

మా బంధువుల్లో ఎవరు సెకండ్ హ్యాండ్ బండి కొనబోయినా ముందు నాకు ఫోన్ వస్తుంది. నేను మెకానిక్‌ని కాను. అమ్మేవాడు బండి గుణగణాలు వర్ణిస్తున్నంతసేపూ నోరు మూసుకుని, సైలెన్సర్ కిందకి వంగి చూసే ఓపిక మాత్రం ఉంది. ఈ పనికి అంతకు మించిన అర్హత అక్కర్లేదని నా అనుభవం.

ఈమధ్య మా మేనల్లుడికి బెజవాడ ఆటోనగర్‌లో ఉద్యోగం వచ్చింది. ఉండేది కంకిపాడు. రానూపోనూ రోజుకి పాతిక కిలోమీటర్లు. "యాభై వేలలో అన్నీ అయిపోవాలి మామయ్యా" అన్నాడు. అన్నాడే గానీ, కన్ను మాత్రం ఎవరో అమ్మకానికి పెట్టిన 220 సీసీ బండి మీద ఉంది. ఆ వయసులో తప్పులేదు. కాగితం మీద లెక్క వేయించాను. నెలకి ఆరువందల యాభై కిలోమీటర్లు. లీటరుకి అరవై ఇచ్చే బండికి పదకొండు లీటర్లు చాలు, ముప్పై ఎనిమిది ఇచ్చేదానికి పదిహేడు కావాలి. లీటరు 110 రూపాయల చొప్పున చూసుకున్నా నెలనెలా ఆరువందల పైచిలుకు తేడా. పెద్ద బండికి టైర్లూ చైనూ కూడా పెద్ద ధరే. చవగ్గా దొరికిందని కొన్న బండి చవగ్గా నడవదు.

వంద సీసీ బండి అనగానే కుర్రాళ్లు మొహం ముడుచుకుంటారు. స్ప్లెండర్ 1994లో వచ్చింది. ఆ 97.2 సీసీ ఇంజిన్‌ని విప్పి బిగించడం రాని మెకానిక్ మన ఊళ్లలో అరుదు. విడిభాగాలు మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి. తక్కువ డబ్బుతో బండి కొనేవాడు చూసుకోవాల్సింది పికప్ కాదు, చెడిపోయిన రోజున ఎంతలో బాగవుతుందన్నది. అలాగని మరీ పాతదీ వద్దన్నాను. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు కొత్త బళ్లన్నిటికీ కనీసం కంబైన్డ్ బ్రేకు ఉండాలని నిబంధన వచ్చింది. కాలి బ్రేకు తొక్కితే ముందు చక్రానికి కూడా కొంత పడుతుంది. భయపడినప్పుడు మనవాళ్లు తొక్కేది కాలి బ్రేకే కాబట్టి, దానికోసం మూడు నాలుగు వేలు ఎక్కువైనా పెట్టొచ్చు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బళ్లలో చాలావాటికి కార్బురేటర్ స్థానంలో ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. మైలేజీకి మంచిదే గానీ, చెడితే వీధి చివరి మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో తేలే వ్యవహారం కాదు. ఈ రెండు తేదీల నడుమ తయారైన బండి దొరికితే నేను కళ్లకద్దుకుంటాను.

ఇక బండి చూడ్డం. పొద్దున్నే వెళ్లాలి, చెప్పిన టైముకన్నా కాస్త ముందే వెళ్లాలి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టాలి. వేడిగా ఉందంటే మనం రాకముందే ఒకసారి స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజిన్ ఎన్ని కిక్కులకి అందుకుంటుందో చూడనివ్వరు అలాంటివాళ్లు. స్టార్ట్ అయ్యాక సైలెన్సర్ వెనక నిలబడి పొగ చూడాలి. నీలం పొగ వచ్చి ఆగకపోతే ఇంజిన్ ఆయిల్ తాగుతోందన్నట్టు. బోరు పనికి ఎంతవుతుందో ముందే మెకానిక్‌ని అడిగి ఉంచుకుంటే, ఆ మొత్తం ధరలోంచి తీసేయమని అడగొచ్చు.

మీటరు రీడింగుని నేను పెద్దగా నమ్మను. కిక్ రాడ్ రబ్బరూ గేరు పెడల్ రబ్బరూ నున్నగా అరిగి ఉండి, మీటరు పద్దెనిమిది వేలు చూపిస్తోందంటే ఎవరిది అబద్ధమో చెప్పక్కర్లేదు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 3219 అంటే 2019వ సంవత్సరం ముప్పై రెండో వారంలో తయారైందని అర్థం. 'టైర్లు కొత్తవేనండీ' అన్న మాట అక్కడ తేలిపోతుంది. పడిన బండి గుట్టు ఫుట్‌రెస్టు కొసల్లో, బ్రేక్ లివర్ చివర, సైలెన్సర్ అడుగున ఉంటుంది. ట్యాంకుకి కొత్త రంగు వేయిస్తారు గానీ ఫుట్‌రెస్టు కొస గీతలు ఎవరూ పట్టించుకోరు. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో ఎక్కడో పట్టినట్టు అనిపించిందా, కోన్ సెట్ పోయింది. అది చిన్న ఖర్చే. వెనక నుంచి చూసినప్పుడు రెండు చక్రాలూ ఒకే గీతలో లేకపోతే మాత్రం బేరమాడకుండా నమస్కారం పెట్టి వచ్చేయాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే ఎన్‌ఓసీ లేకుండా పైసా ఇవ్వొద్దు. పెండింగ్ చలాన్లు అక్కడికక్కడే ఫోన్లో చూడండి. 'ఆర్సీలో పేరు నెమ్మదిగా మార్పించుకోవచ్చులెండి' అనేది ముఖ్యంగా అమ్మేవాడికే ప్రమాదం. ఆర్సీలో పేరు ఎవరిదో ప్రమాద పరిహారం విషయంలో యజమాని ఆయనే అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ మాట చెప్తే చాలు, మనకన్నా ముందు ఆయనే రవాణా ఆఫీసుకి బయల్దేరతాడు.

ఇలా వెతికి మావాడు ముప్పై తొమ్మిది వేలకి బండి తెచ్చుకున్నాడు. వెంటనే, "హెల్మెట్ కొనక్కర్లేదు మామయ్యా, ఫ్రెండు తనది ఇస్తానన్నాడు, మంచి కంపెనీదే" అన్నాడు. వద్దన్నాను. బండి విషయంలో అంత పొదుపు నేర్పినవాణ్ణి ఇక్కడ ఎందుకు అడ్డుపడ్డానో వాడికి అంతుపట్టలేదు.

బండి తన దెబ్బలు దాచుకోలేదు. ఇంతసేపూ చెప్పుకున్నది అదే కదా. హెల్మెట్ దాచుకుంటుంది. ప్రాణం కాపాడేది పైన మెరిసే గట్టి డొప్ప ఒక్కటే కాదు, లోపలి థర్మోకోల్ కూడా. తల విసురుగా గుద్దుకున్నప్పుడు అది నలిగి, ఆ విసురుని తను మింగుతుంది. ఒకసారి నలిగింది మళ్లీ ఉబ్బదు. నలిగిన చోటు గుడ్డకింద ఉంటుంది, పైన చిన్న గీత కూడా ఉండకపోవచ్చు. కాబట్టి నాకు చేతనైన పరీక్షలేవీ అక్కడ పనికిరావు.

హెల్మెట్ ఎందుకంత ముఖ్యమో చెప్పే పాత కథ ఒకటుంది. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమా బైకు ప్రమాదంతోనే మొదలవుతుంది. ఆ సినిమాకి మూలమైన అసలు లారెన్స్ 1935లో అలాగే, హెల్మెట్ లేకుండా పడి, ఆరు రోజులకి పోయాడు. చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నాడు. ఆయన తర్వాత మోటార్‌సైకిల్ సైనికుల తల గాయాలను పరిశీలించి 1941లో వ్యాసం రాశాడు. బ్రిటిష్ సైన్యం హెల్మెట్ తప్పనిసరి చేసింది కూడా ఆ ఏడాదే.

మన దగ్గర 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బైకు హెల్మెట్ తయారుచేయకూడదు, అమ్మకూడదు. అయినా పోలీసులు స్పెషల్ డ్రైవ్ అనగానే రోడ్డు పక్కన పట్టాల మీద వందలకొద్దీ పుట్టుకొస్తాయి, మూడొందలకొకటి. వాటికీ ఐఎస్ఐ స్టిక్కరు ఉంటుంది. స్టిక్కర్ల అచ్చుకి ఎంత ఖర్చు కనుక? అసలుదానికి ఐఎస్ 4151 అనీ, దాంతోపాటు సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరూ ఉంటాయి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు రావాలి. అలాంటి ఫుల్ ఫేస్ హెల్మెట్ వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. అయిదు వేలు పెడితే గాలి బాగా ఆడుతుంది, బరువు తగ్గొచ్చు. మావాడికి అంత అక్కర్లేదు.

ధరకన్నా సైజు ముఖ్యం. కనుబొమల పైన టేపు చుట్టి కొలిచి, 58 సెంటీమీటర్లయితే సాధారణంగా మీడియం, 60 అయితే లార్జ్. పెట్టుకున్నాక బుగ్గలు కాస్త నొక్కుకోవాలి. హెల్మెట్ పట్టుకు తిప్పితే నుదుటి చర్మం కూడా కదలాలి. పట్టీ బిగించి వెనక నుంచి పైకి లాగితే ఊడి రాకూడదు. మావాడు వదులుగా, హాయిగా ఉన్నదాన్ని ఎంచాడు. షాపులో హాయిగా ఉన్నది నెలయ్యేసరికి లోపలి స్పాంజి అణిగి తల మీద తిరుగుతుంది. బెజవాడ ఎండల్లో ఇంత బిగువు ఎలాగంటారా? లోపలి ప్యాడ్లు ఊడదీసి ఉతుక్కునే రకం తీసుకుంటే చెమట వాసన బెడద తప్పుతుంది. వేడి మాత్రం భరించాల్సిందే, అబద్ధం చెప్పను.

వెనక సీటుకి రెండో హెల్మెట్ సంగతి అడిగాను. "వెనకాల కూర్చునేది అమ్మే కదా, ఏదో ఒకటి తీసుకుంటాలే" అన్నాడు. ఆ 'ఏదో ఒకటి' దగ్గరే నాకు కోపం వస్తుంది. 2022లో దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది అని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్తోంది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మన ఇళ్లలో వెనక సీటు హెల్మెట్ ఆడవాళ్ల తల కొలవకుండానే మగవాళ్లు కొనుక్కొస్తారు. జడముడి పట్టదు, పక్కకి ఒరుగుతుంది, ఆవిడ విసుగేసి ఒళ్లో పెట్టుకుంటుంది. అక్కయ్యని షాపుకి రమ్మన్నాను. ముడి విప్పి జడ వేసుకుని నాలుగు పెట్టి చూసింది, అయిదోది కుదిరింది. "పూలు పెట్టుకునేదెట్లారా తమ్ముడూ?" అంది. దిగాక పెట్టుకోమన్నాను. ఒప్పుకుందో లేదో తెలీదు గానీ హెల్మెట్ మాత్రం తీసుకుంది.

ఇంట్లో అటక మీద మా బావగారి పాతది ఒకటుంది. ఎప్పుడో ఆయన దాంతోనే పడ్డారు. పారేయమంటే మావాడు పాత సామాన్లవాడిని పిలిచాడు. ఇచ్చేముందు కత్తెర తెప్పించి దాని పట్టీ రెండు వైపులా కోయించాను. లేకపోతే అది నాలుగు రోజుల్లో తుడిచిన కొత్త మొహంతో ఏదో రోడ్డు పక్క పట్టా మీద ఉంటుంది.