ఎందుకు చంపాడన్నారు, ఎవరు చంపించారనలేదు

వ్యాపార సినిమాల గురించి రాసేటప్పుడు మన విమర్శకు ఒక అలవాటు స్థిరపడిపోయింది. సినిమాలో భూస్వామ్య భావజాలం పాలెంత, పెట్టుబడి పాలెంత, వసూళ్ళెంత అని లెక్క తేల్చి, చివర్లో ప్రేక్షకుడి మీద కాస్త జాలి చూపించి ముగించడం ఆ అలవాటు. ఆ లెక్కలు తప్పని నేననను. కాని హాల్లో కూచున్న మనిషి ఎక్కడ చప్పట్లు కొట్టాడు, ఎక్కడ మాట పడిపోయి కూచున్నాడు, బయటికొచ్చి ఏం మాట్లాడుకున్నాడు అన్న విషయాలు విమర్శకు వస్తువు కాకుండా పోయాయి. "బాహుబలి" రెండు భాగాల విషయంలో ఈ లోటు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కథ సగం తెర మీద నడిస్తే, తక్కిన సగం ప్రేక్షకుల నోళ్ళలో నడిచింది కనక.

మొదటి భాగం 2015 జూలై 10న విడుదలయింది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. ఈ మధ్యనున్న దాదాపు 22 నెలలూ తెలుగుదేశంలో ఒక ప్రశ్న తిరిగింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? మా బొబ్బిలిలో టీ బడ్డీల దగ్గరా, బస్టాండులోనూ, పెళ్ళిపందిళ్ళలోనూ ఇదే ప్రశ్న. తరగతిలో ప్రబంధ లక్షణాలు చెప్పి, సందేహాలుంటే అడగండర్రా అంటే వెనక వరసలోంచి ఒక గుంటడు లేచి, "మాస్టారూ, కట్టప్ప బాహుబల్ని ఎందుకు సంపీసేడండీ?" అని అడిగేవాడు. తరగతంతా నవ్వేది. నవ్వులో వేళాకోళం ఉన్నా, అడగడంలో నిజమైన ఆత్రం ఉంది. అంతమంది అంతకాలం కలిసి అడిగిన ప్రశ్నను ప్రచార ఆర్భాటం అని కొట్టిపారేయడం విమర్శ అనిపించుకోదు. ఆ ప్రశ్న ఎలాంటిది, దాన్ని ఎవరిని అడిగారు, ఎవరిని అడక్కుండా వదిలేశారు అన్నది చూడాలి.

సగంలో ఆగిన కథ కోసం ఎదురుచూడడం మన జనానికి కొత్తకాదు. "చందమామ"లో దాసరి సుబ్రహ్మణ్యం జానపద సీరియళ్ళ కోసం మన ముందుతరం పిల్లలు నెలనెలా పోస్టుమాన్‌కి ఎదురెళ్ళారు. అమెరికాలో 1980లో "స్టార్ వార్స్" రెండో సినిమా, నాయకుడి తండ్రి ఎవరన్న సంగతిలో పెద్ద అనుమానం పెట్టి ఆగిపోతే, అక్కడి ప్రేక్షకులు 1983 దాకా ఆ అనుమానంతో బతికారు. సాహస కథకు ఇది పాత ఎత్తుగడే. అయితే ఈ ఎత్తుగడలో రెండు రకాలున్నాయి. తర్వాత ఏం జరుగుతుంది అన్నది దాచడం ఒకటి. జరిగింది చెప్పేసి, ఎందుకు జరిగింది అన్నది దాచడం రెండోది. "బాహుబలి" రెండో పద్ధతి పట్టింది. మొదటి భాగం చివర, చంపినవాణ్ణి నేనే అని కట్టప్ప చేత ఒప్పించి తెర దించేసింది. హంతకుడు దొరికిపోయాడు. ఇక దొరకాల్సింది కారణం ఒక్కటే అన్నట్టు కథ నిలిచింది.

ఇక్కడ మా ఊరి కథతో పోల్చి చూడాలి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యమూ, విజయనగరం రాజు విజయరామగజపతి సైన్యమూ కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాయి. రంగారావు నేలకొరిగాడు. అంతఃపురం స్త్రీలు కోటలోనే ప్రాణాలు విడిచారు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ శత్రువు గుడారంలో జొరబడి విజయరామగజపతిని చంపి తానూ చచ్చిపోయాడు. ఈ కథను జంగాలు పాడారు, బుర్రకథ దళాలు ఊరూరా చెప్పాయి. ప్రజానాట్యమండలి రోజుల్లో షేక్ నాజర్ గొంతులో అది ఆంధ్రదేశమంతా మోగింది. 1964లో ఎన్.టి. రామారావు రంగారావుగా, ఎస్.వి. రంగారావు పాపారాయుడిగా సినిమా అయింది. 1986లో దాసరి నారాయణరావు తీసిన సినిమాలో పాపారాయుడు కృష్ణంరాజు. ఆయన ప్రభాస్‌కి పెదనాన్న కావడం చేత, "బాహుబలి" పోస్టర్ చూసి "మన పాపారాయుడి ఇంటి కుర్రాడే" అన్న పెద్దవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు.

బొబ్బిలి కథ వినేవాడికి ముగింపు ముందే తెలుసు. అయినా తెల్లవార్లూ కూచుని వింటాడు. వాడికి ఇంకొకటి కూడా తెలుసు. ఈ నాశనం ఎవరు చేయించారో తెలుసు. బుస్సీ పేరు తెలుసు, విజయరామరాజు పేరు తెలుసు, మధ్యలో తంత్రం నడిపిన హైదర్ జంగ్ పేరు తెలుసు. కోట గోడ ఎక్కి కత్తి దూసిన సిపాయి ఎవరన్నది కథకుడు చెప్పడు, శ్రోత అడగడు. నేరం ఎక్కడ పుట్టిందో అక్కడికే చూపు తిప్పడం ఆ మౌఖిక కథ సంస్కారం. "బాహుబలి" ప్రశ్న సరిగ్గా దీనికి తలకిందులు. కత్తి పట్టిన చెయ్యి మీద వెలుగంతా పడింది. ఆ చేతికి ఆజ్ఞ ఇచ్చిన నోరు చీకట్లో ఉండిపోయింది.

నిజానికి ఎందుకు చంపాడన్న ప్రశ్నకు సమాధానం మొదటి భాగంలోనే ఉంది. ఆయుధాల వ్యాపారి అస్లం ఖాన్ (ఆ పాత్ర సుదీప్ వేశాడు) కట్టప్ప కత్తిసాము చూసి ముచ్చటపడి, నిన్ను బానిసత్వం నుంచి విడిపిస్తానంటాడు. మా పూర్వీకులు సింహాసనానికి మాట ఇచ్చారు, వంశమంతా ఆ మాటకు కట్టుబడినవాళ్ళమే అని కట్టప్ప ఒప్పుకోడు. అంటే కట్టప్ప తన చేతులకు తాను యజమాని కాడు. సింహాసనం చంపమంటే చంపుతాడు. ఇంత స్పష్టంగా చెప్పిన సమాధానాన్ని 22 నెలలపాటు ఎవరూ సమాధానంగా తీసుకోలేదు. ద్రోహం అన్నారు, మంత్రతంత్రం అన్నారు, ప్రేమ వ్యవహారం అన్నారు, బాహుబలే చంపమని అడిగి ఉంటాడన్నారు. వాడు బానిస, అందుకు చంపాడు అన్నవాళ్ళు నాకు దాదాపు తగల్లేదు. బానిసత్వం మన కంటికి ఒక కారణంలా ఆనదు. వాన కురిసినట్టు, ఎండ కాసినట్టు అదొక మామూలు సంగతిగా అలవాటైపోయింది.

నాకు తగిలిన ఒకే ఒక్కడు ఒక విద్యార్థి తాత. చిన్నతనంలో ఒక కామందు దగ్గర ఏళ్ళ తరబడి కంబారిగా చేసినవాడు. మనవడి మార్కుల కోసం బడికొచ్చి, పిల్లల వాదులాట విని, "ఆడేటి సేస్తాడు మాస్టారూ? ఉప్పు తిన్నోడు సెప్పిన పని సెయ్యాల. సెయ్యమన్నోళ్ళనడగాల గాని, ఆణ్ణడిగితే ఏటొస్తాది?" అన్నాడు. ఆయన అప్పటికింకా సినిమా చూడలేదు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. ఆ చట్టానికి ముందు కాలం ఎరిగిన మనిషి కనక ప్రశ్నలోని వంకర ఆయనకు వెంటనే దొరికింది.

ఇప్పుడు రెండో భాగం ఆడిన రోజులకు వద్దాం. మొదటి వారంలో ఉదయం ఆట ఒకసారి, పది రోజుల తర్వాత రెండో ఆట ఒకసారి చూశాను. బాడంగి, తెర్లాం వైపు పల్లెల నుంచి ఆటోలు కట్టుకుని వచ్చారు. కథ చెప్పేస్తారేమోనని, చూసి బయటికొస్తున్నవాళ్ళ దగ్గర చెవులు మూసుకుని లోపలికి పోయినవాళ్ళని చూశాను. ఇంత కాపాడుకున్న రహస్యం తెర మీద విప్పేటప్పుడు హాలు దద్దరిల్లుతుందని ఎవరైనా అనుకుంటారు. దద్దరిల్లలేదు. శివగామి ఆజ్ఞ ఇవ్వడం, కట్టప్ప కాళ్ళ మీద పడి ఏడవడం, నువ్వు చంపకపోతే నేనే చంపుతానని ఆమె అనడం, మామా అని పిలిచే మనిషి వెన్నులో కట్టప్ప కత్తి దించడం, ఇవన్నీ రెండుసార్లూ ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దంలోనే జరిగాయి. ఈల లేదు, కాగితం ముక్క ఎగరలేదు.

మరి చప్పట్లు ఎక్కడ? విశ్రాంతికి ముందు పట్టాభిషేకం దగ్గర. రాజయింది భల్లాలదేవుడు, సేనాపతిగా ప్రమాణం చేసేది బాహుబలి. కాని జనం ఘోష సేనాపతికి. ఆ ఘోషకు సింహాసనం మీది రాజు బెదిరిపోతాడు. తెర మీది జనం, హాల్లోని జనం ఒకే గొంతుతో అరిచిన ఘట్టం అది. రెండోది, స్త్రీల మీద చెయ్యి వేసిన సేనాధిపతి వేళ్ళు దేవసేన నరికే ఘట్టం, దాని వెంటనే సభలో జరిగే తీర్పు. అక్కడ ఆడవాళ్ళ వరసల్లోంచి చప్పట్లు ముందు లేచాయి, మగవాళ్ళు తర్వాత అందుకున్నారు. మా ఊరి హాల్లో ఆ వరస నేనెప్పుడూ చూడలేదు. ఇక చివరి యుద్ధంలో తాటిచెట్లు వంచి సైనికులను కోటలోకి విసిరే చోట నవ్వులూ ఈలలూ కలిసి వచ్చాయి. అది నమ్మడం కాదు, ఆటలో పాలుపంచుకోవడం. కల్పన ఎక్కడుందో ఎరిగే ఆనందించాడు ప్రేక్షకుడు.

కనక ఈ ప్రేక్షకుడు మనం జాలిపడాల్సినంత అమాయకుడు కాడు. సింహాసనం కన్నా జనం గొంతు పెద్దది అన్నచోట లేచాడు. అధికారి చెయ్యి ఆడదాని మీద పడితే ఆ చెయ్యి తెగాలి అన్నచోట లేచాడు. బానిస తన బిడ్డలాంటివాణ్ణి చంపాల్సి వచ్చినచోట నోరు పెగలక కూచున్నాడు. ఈ మూడింటిలోనూ న్యాయబుద్ధి ఉంది. ఆ న్యాయబుద్ధిని రాజమౌళి, కథకుడు విజయేంద్రప్రసాద్ చాలా నేర్పుగా తట్టి లేపారు. ఆ నేర్పును ఒప్పుకోకపోవడం విమర్శకుడి కంటికి చేటు.

అయితే లేపిన న్యాయబుద్ధిని ఎక్కడికి నడిపించారన్నది అసలు ప్రశ్న. హత్యకు మూలం సింహాసనమూ బానిసత్వమూ అని తేలబోయే క్షణంలో కథ పక్కకు తప్పుకుంది. బిజ్జలదేవుడు, భల్లాలదేవుడు పన్నిన కుట్రే కారణమయింది. శివగామి మోసపోయింది, నిజం తెలిసి పశ్చాత్తాపపడింది. చెడ్డ రాజు పోయి మంచి రాజు వస్తే లెక్క సరిపోతుందన్నమాట. చివరికి మహేంద్ర బాహుబలి పట్టాభిషిక్తుడయ్యాడు, ధర్మం నిలిచింది. కట్టప్ప బానిసత్వం రద్దయినట్టు ఒక్క దృశ్యమూ లేదు. రేపు ఈ సింహాసనం మీదికి ఇంకో భల్లాలుడు వస్తే కట్టప్ప కొడుకో మనవడో మళ్ళీ కత్తి పట్టాల్సిందే. మొదటి భాగంలో కుర్రవాడి పాదం తీసి కట్టప్ప తన తల మీద పెట్టుకున్నప్పుడు హాలు హోరెత్తింది. ఆ హోరుకూ రెండో భాగంలోని నిశ్శబ్దానికీ మధ్య సంబంధం చిత్రం చూపించలేదు. ఆ పాదం తల మీద పెట్టుకోవడమూ, ఆ కత్తి వెన్నులో దించడమూ ఒకే కట్టుబాటుకు రెండు ముఖాలు.

మొదటి భాగంలోని కాలకేయుల గురించి మా ప్రాంతంవాళ్ళం చెప్పక తప్పదు. నల్లటి ఒళ్ళు, ఎవరికీ అర్థంకాని భాష, క్రూరత్వం తప్ప మరో గుణం లేని మూక. ఆ భాషను ప్రత్యేకంగా కల్పించారని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. పార్వతీపురం, సాలూరు ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే సవర, జాతాపు పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష కూడా మైదానం పిల్లలకు అర్థం కాదు. సినిమా వచ్చిన ఏడాది "కాలకేయ" అన్న మాట బళ్ళో తిట్టయింది. ఎవరిని ఆ పేరు పెట్టి పిలిచారో విడమరచి చెప్పనక్కర్లేదు. నేను చూసిన ఆటల్లో చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆ పిల్లలూ ఉన్నారు. కథ ఎంత నేర్పుగా నడిస్తే, తనను రాక్షసుడిగా చూపించిన ముద్రకు తనే ఈల వేసే ప్రమాదం అంత ఎక్కువ. ప్రజాదరణ పొందిన కళ మీద మనం కన్నేసి ఉంచాల్సింది ఇలాంటి చోట్ల.

ఆ 22 నెలల్లో ప్రశ్న కూడా ఒక సరుకయింది. దాన్ని ఆరనివ్వకుండా ప్రచారం నడిచింది. శివగామి పూర్వకథతో ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషు నవల 2017లో రెండో భాగానికి ముందే బజారులోకి వచ్చింది. రెండో భాగం ప్రపంచవ్యాప్తంగా 1000 కోట్ల రూపాయల వసూళ్ళు దాటిన మొదటి భారతీయ చిత్రమయింది. ఇవన్నీ నిజాలే. కాని సరుకు కావడం చేతనే ప్రశ్న అబద్ధమైపోదు. 2025 అక్టోబర్ 31న రెండు భాగాలనూ కుదించి ఒకే చిత్రంగా మళ్ళీ విడుదల చేసినప్పుడు ఈ సంగతి తేలిపోయింది. దాచడానికి రహస్యమేదీ మిగల్లేదు. ఎందుకు చంపాడో మొదటి భాగం నాటికి పుట్టని పిల్లలకూ తెలుసు. అయినా జనం వచ్చారు. బొబ్బిలి కథ తెలిసి తెలిసి మళ్ళీ విన్నట్టే, తెలిసిన కథనే చూశారు. కత్తి దిగే ఘట్టంలో మళ్ళీ అదే నిశ్శబ్దం. వాళ్ళను కట్టిపడేసింది రహస్యం ఒక్కటే కాదని దీనితో రుజువయింది. మాట వినక తప్పని మనిషి చేత మహాపాపం చేయించిన దుర్మార్గం వాళ్ళను పట్టుకుంది. దానికి వాళ్ళ దగ్గర పేరు లేదు. ఆ పేరు అందించడం విమర్శ పని.

ఇక ముందు కూడా సగంలో ఆపిన పెద్ద సినిమాలు వస్తూనే ఉంటాయి. ప్రతి ఒక్కటీ ఏదో ఒక ప్రశ్నను జనం నోట పెట్టి పోతుంది. వసూళ్ళ లెక్కలు పత్రికలు ఎలాగూ వేస్తాయి. మన శాఖలు నెలకో సమావేశం హాలు బయట టీ బడ్డీ దగ్గర పెట్టుకుని, ఏ ఘట్టంలో ఎందుకు లేచారో, ఎందుకు నోరు పెగల్లేదో జనాన్నే అడిగితే మంచిది. కట్టప్పని ప్రశ్నించిన కుర్రవాళ్ళకు, చెయ్యమన్నవాళ్ళనడగాలని చెప్పిన ఆ కంబారి తాతలాంటివాళ్ళ మాట అక్కడే వినిపించాలి. ఆ మాట మన వ్యాసాల కన్నా ముందుంది.